కొసరుగా వచ్చిన గుండ్రటి ముఖం

మోకాళ్ళ నొప్పుల మాత్రల దగ్గర నేను చేసినంత బేరం కర్నూల్లో ఇంకెవరూ చేసి ఉండరు. డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపతన్ని ఒప్పించి, డబ్బా మొత్తం కొంటానని ఆశపెట్టి, పైన ఒక షీటు కొసరు కూడా లాగాను. చీరల అంగడి ఇంట్లో పుట్టి, చీరల అంగడి ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. కొసరు లేని కొనుగోలు నాకు అరగదు.

నొప్పి మాయమైంది. ఏళ్ళ తరబడి మింగాను.

ఒకరోజు అంగట్లో పరుపు మీద కూర్చుని చీరలు చూపించి లేవబోతే తొడల్లో సత్తువ లేదు. బీరువా పట్టుకుని లేచాను. అప్పటికే ముఖం గుండ్రంగా ఉబ్బింది. పొట్ట పెరిగి, చేతులు సన్నబడ్డాయి. పొట్ట మీద ఊదారంగు చారలు. ఎక్కడ తగిలినా చర్మం కమిలిపోయేది. కడప నుంచి వచ్చిన మా ఆడబిడ్డ చూసి, "ఏమొదినా, శానా ఒళ్ళు చేసినావే. యాపారం బాగుండాదిలే" అనింది. నేనూ మురిసిపోయాను.

తర్వాత షుగరు, బీపీ వచ్చాయి. ఎండోక్రైనాలజిస్ట్ అనే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపారు.

"ఏం మాత్రలు వాడుతున్నారమ్మా?"

"నొప్పులవి సార్."

"పేరు?"

"పేరు తెలీదు సార్. రేటు తెలుసు."

ఆయన నవ్వలేదు. సంచిలోంచి ఖాళీ షీటు తీసిస్తే చదివి, స్టెరాయిడ్ అన్నారు. రక్తపరీక్షలో, నా ఒంట్లో తయారవ్వాల్సిన కార్టిసాల్ హార్మోన్ దాదాపు లేదు.

"ఇది కుషింగ్స్ సిండ్రోమ్. ఈ ఉబ్బు, చారలు, షుగరు అన్నీ దానివే. కార్టిసాల్ లాంటి మందు బయటినుంచి ఎక్కువగా పడింది కాబట్టి దాన్ని తయారుచేసే మీ అడ్రినల్ గ్రంథులు పని మానేశాయి. ఒక్కసారిగా ఆపితే ప్రాణానికి ముప్పు. కొద్దికొద్దిగా తగ్గించాలి. నెలలు పడుతుంది."

"ఒక నెలలో ముగించేద్దాం సార్."

"దీంట్లో బేరం లేదమ్మా."

తగ్గించేకొద్దీ ఒళ్ళంతా నొప్పులు, మంచం దిగలేని నీరసం. ఈ బాధ వాయిదాల మీద ఎందుకు, ఒకేసారి పడితే పోతుంది కదా అని, ఎవరికీ చెప్పకుండా మొత్తం మానేశాను.

కొన్నాళ్ళకే వాంతులు, కళ్ళు తిరగడం. అయినా అంగట్లో కూర్చున్నాను. ఒకామె పట్టుచీరను సగం ధరకు అడిగింది.

"తీసుకోమ్మా" అన్నాను.

గల్లాపెట్టె దగ్గరున్న మా ఆయన లేచి వచ్చాడు. "ఏమైతాండాది నీకి? లెయ్, ఆస్పత్రికి పోదాం."

"బేరం అయినంక పోదాం, ఉండు."

"అడిగిన రేటుకి ఇచ్చినావంటే నాకి భయమైతాండాది."

ఆటో ఎక్కడం వరకే నాకు గుర్తుంది. ఒంట్లో కార్టిసాల్ అడుగంటితే వచ్చే అడ్రినల్ క్రైసిస్ అట. కార్టిసాల్‌కు బదులుగా పనిచేసే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్లతో, సెలైన్‌తో బతికించారు. కళ్ళు తెరిచాక డాక్టర్, "చెప్పినాను కదమ్మా" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

గ్రంథులు ఇంకా పనిలోకి రాలేదు కాబట్టి, ఇప్పుడు పొద్దున్నే లేచి హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకుంటాను. మధ్యాహ్నానికే అలసిపోతాను. అంగట్లో నాకు కుర్చీ వేశారు. ఏ నొప్పుల మాత్ర ఇచ్చినా దాని పేరు అడగండి, స్టెరాయిడా అని అడగండి. ఇప్పటికే వాడుతుంటే భయపడి మీ అంతట మీరు ఆపకండి, డాక్టరు చెప్పినట్టే తగ్గించుకోండి.

ఇక లెక్క. ముఖం మామూలైంది. చారలు తెల్లబడ్డాయి. ఆ మాత్రలకు గుల్లబారి నడుములో ఒక ఎముక చిట్లింది, అది నష్టం కింద రాసుకున్నాను. మోకాళ్ళ నొప్పి తిరిగొచ్చింది, అంటే కొన్న సరుకు నిలవలేదు. కొసరుగా వచ్చిన షుగరు మాత్రం నా దగ్గరే ఉంది. కొసరు వాపసు తీసుకునే అలవాటు మా బజార్లో ఎప్పుడూ లేదు.