మాదాపూర్‌లో నేను మూయొద్దన్న బోరు

డెబ్బైల మధ్యలో నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో నీళ్లు పరీక్షించే ఉద్యోగం చేసేదాన్ని. మాది తెనాలి వైపు. ల్యాబ్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి సైటు మీదికి పంపేవారు కాదు. ఎవరో సీసాలు తెచ్చి బల్ల మీద పెడితే పరీక్షించి రాయడమే నా పని. మాదాపూర్ నుంచి వచ్చిన సీసాలు మాత్రం చీటీ చూడకుండానే పోల్చుకునేదాన్ని. మూత తీయగానే డీజిల్ కంపు కొట్టేవి.

అప్పటికి మాదాపూర్ అంటే బండలు, సీతాఫలం పొదలు, జొన్న చేలు. ఊరి బయట ఒక లారీల షెడ్డు ఉండేది. అందులో భూమిలో పాతిన డీజిల్ ట్యాంకుకు చిల్లు పడింది. ఎన్నాళ్లనుంచి కారుతోందో ఎవరికీ తెలియదు. పక్క చేలోని బావి నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలాక గాని బయటపడలేదు. షెడ్డు మూతపడింది, ట్యాంకు తవ్వి తీసుకుపోయారు. నీళ్లు ఎంతవరకు చెడ్డాయో కనిపెట్టడానికి షెడ్డుకీ బావికీ మధ్య నాలుగు సన్నని బోర్లు వేసి, ఇనుప గొట్టాలు దించి, పైన మూతలు బిగించారు.

ఒకరోజు మా ఆఫీసరు పిలిచి, "మాదాపూర్ బోర్లు మూసేస్తున్నామండీ. ఆఖరి శాంపిళ్లు తేవాలి. సీసాలు తెచ్చేవాడు సెలవులో ఉన్నాడు, మీరే వెళ్లి రండి" అన్నారు. అన్నాళ్లకు ఆ నీళ్లు ఎక్కడివో కళ్లారా చూస్తానని సంబరపడ్డాను. ఆఫీసు జీపులో, ఒళ్లో సీసాల పెట్టె పెట్టుకుని బయలుదేరాను.

నేను దిగేసరికే మూడు బోర్లలో సిమెంటు పాలు పోసేశారు.

"ఇదేమిటి? నీళ్లు తీయకుండా ఎలా మూస్తారు?" అని మేస్త్రీ మీద అరిచాను.

"మూయమని నిన్ననే ఆర్డరొచ్చింది మేడమ్. నీళ్ల సంగతి మాకెవరూ చెప్పలే. మబ్బు పట్టింది, సిమెంటు తడుస్తదని జల్ది శురూ జేసినం" అన్నాడు. అతని తప్పేమీ లేదు. శాంపిళ్లు తెమ్మన్న కాగితం మీదా మూయమన్న కాగితం మీదా సంతకం పెట్టింది ఒకే ఆఫీసరు.

నాలుగో గొట్టం మీద చెయ్యి వేసి ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తెట్టు తేలిన బావి ఆమెదే.

"నా బాయి సంగతేందో చెప్పుండ్రి, అటెన్క మూసుకోండ్రి. అప్పటిదాంక నేను లేవ" అంది.

ఆమె పక్కనే కూర్చుని గొట్టంలోకి తాడుతో సన్నని డబ్బా దించాను. పైకి వచ్చిన నీళ్ల వాసన ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది.

"తాగొద్దమ్మా" అన్నాను.

"తాగుతలేను బిడ్డా. బర్రెలకు తాపొచ్చునా?"

"తెలియదమ్మా."

"మిర్పతోటకు పెట్టొచ్చునా?"

అదీ తెలియదు. అన్నాళ్లూ ఆ నీళ్లకు అంకెలు వేసి పంపాను గాని, ఈ ప్రశ్నలు ఎవరూ నా బల్ల దాకా తేలేదు. ఆమెకు జవాబు చెప్పాలంటే పరీక్షకు అదొక్కటైనా మిగలాలనుకుని, ఆ బోరు మూయొద్దని మేస్త్రీకి రాసిచ్చి వచ్చాను.

"మూడు మూసేశాక ఒకటి ఉంచి ఏం చేస్తామండీ?" అన్నారు ఆఫీసరు.

"అందులో ఇంకా డీజిల్ ఉంది సార్."

"ఉందని ముందే తెలుసు కదా! పని అయిపోయిందని పైకి రాసేశాను కూడా." ఫైలు నా వైపు తోసి, "సరే, మీ ఇష్టం. మీరే చూసుకోండి" అన్నారు.

చూసుకోమన్నారు గాని మళ్లీ జీపు ఇవ్వలేదు. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం బస్సులో పోయి, దిగిన చోటినుంచి బురదలో నడిచాను. గొట్టం మీద మూత లేదు. ఇనుముకు ఆశపడి ఎవరో విప్పుకుపోయారు. గొట్టం చుట్టూ నేల కుంగిపోయింది. షెడ్డు నేలమీది నల్లటి జిడ్డంతా వాన నీళ్లలో కలిసి అక్కడికే పారి, సుడి తిరుగుతూ లోపలికి దిగుతోంది. నేను పట్టుబట్టి ఉంచిన బోరే ఆ మురికిని తిన్నగా ఆమె బావి నీళ్లలోకి దింపుతోంది. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ పార పట్టుకొచ్చింది, ఇద్దరం కలిసి దాని చుట్టూ మట్టికట్ట వేశాం. "దీన్ని మూయించాలమ్మా" అన్నాను.

ఆమె పార ఆపి నా మొహంలోకి చూసింది. "ఏంది బిడ్డా మీ ముచ్చట! మొన్న నువ్వే మూయొద్దంటివి. ఇయ్యాల నువ్వే మూయాల్నంటున్నవు. పరేషాన్ జేస్తుండ్రు గదా నన్ను!"

మర్నాడు ఆ బోరు మూయాలని చెబితే ఆఫీసులో నవ్వులే నవ్వులు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. "మిగిలిన సిమెంటు వేరే పనికి పోయిందండీ. మళ్లీ పర్మిట్ రావాలి" అన్నారు. సిమెంటు దొరకని రోజులవి. నేను అడుగుతూనే ఉన్నాను. స్టోరు గుమాస్తా నన్ను చూస్తే చాలు, టీకి లేచిపోయేవాడు. చివరికి దసరా దాటాక మేస్త్రీ వేరే సైటులో మిగిలిన బస్తాలు తెస్తున్నానని కబురు పంపాడు. నేను సెలవు పెట్టి వెళ్లాను.

పోసిన సిమెంటు పాలు పోసినట్టే మాయమయ్యాయి. అడుగున రాతి పగుళ్లలోకి జారిపోతున్నాయి. "ఎంత పోసినా మింగుతనే ఉన్నది మేడమ్" అని మేస్త్రీ విసుక్కున్నాడు. కొంత పోసి, గట్టిపడేదాకా ఆగి, మర్నాడు మళ్లీ పోశాడు. పైదాకా నిండాక గొట్టాన్ని నేలమట్టానికి కోసేసి మట్టి కప్పాడు. పని బాగానే చేశాడు.

వేసవిలో మళ్లీ వెళ్లాను. ఆమె బావి నీళ్ల మీద తెట్టు లేదు, వాసన కొద్దిగా ఉంది.

"తగ్గింది గదా?" అంది.

నిజంగా తగ్గిందో, నీళ్లు అడుగంటడంవల్ల అలా ఉందో చెప్పలేకపోయాను. చెప్పాలంటే పక్కన ఒక బోరు ఉండాలి. ఆ మాటే ఆమెతో అన్నాను.

"మల్ల బోరా! వద్దు తల్లీ" అని చేతులు జోడించి, మిరపతోటకు నీళ్లు పెట్టే మోటారు వేయడానికి లేచిపోయింది. ఎవరిమీద కోప్పడాలో తెలియని కోపంతో బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను.