బీరువాలో నోటుబుక్కు

ఆ విశ్వవిద్యాలయం హెల్త్ సెంటర్లో ఆమెని అందరూ "మెల్లగా సిస్టర్" అనేవాళ్లు. ఎదురుగా కూర్చున్న పిల్లకో పిల్లాడికో నోరు పెగలకపోతే, "మెల్లగా చెప్పు, తొందరేం లేదు, నేనెక్కడికీ పోను" అనేది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమెకే తెలీదు. చదువైపోయి వెళ్లే పిల్లలు ఆ పేరుని తర్వాత వచ్చేవాళ్లకి అప్పజెప్పి పోయేవాళ్లు.

చేరిన కొత్తల్లో మాత్రం ఆమె అలాంటి మనిషి కాదు. పొత్తికడుపు నొప్పి అంటూ వచ్చిన ఒక అమ్మాయిని, రిజిస్టర్లోంచి తలెత్తకుండా, వరండాలో పదిమంది వింటుండగా "పెళ్లయిందా?" అని అడిగేసింది. ఆ అమ్మాయి నీళ్లు తాగొస్తానని లేచి వెళ్లింది. తిరిగొచ్చింది పద్దెనిమిది రోజులకి, స్ట్రెచర్ మీద. గర్భం పోవడానికి ఎవరో ఇచ్చిన మాత్రలు మింగి, ఒళ్లంతా విషమెక్కి వచ్చింది. అంబులెన్సులో పెద్దాసుపత్రి దాకా సెలైన్ సీసా ఎత్తి పట్టుకుంది ఈమే. ప్రాణమైతే దక్కింది, గర్భసంచి దక్కలేదు. ఆ ప్రశ్న మళ్లీ ఆమె నోట రాలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, కారిడార్ చివర ఎక్స్‌రే గది పక్కన విరిగిన మంచాలు పడేసే గదిని సంపాదించింది. తనే కడిగింది. వచ్చినవాళ్ల ముఖం బయటికి కనపడకుండా కుర్చీ తిప్పి వేసింది. తెర వెనక ఒక అట్టపెట్టెలో కండోములు పెట్టింది, ఎవరికీ చెప్పక్కర్లేకుండా తీసుకెళ్లేలా. అది ఖాళీ అయినప్పుడల్లా ఊడ్చే ఆవిడ, "మీ బిస్కెట్లు అయిపోయినయ్ సిస్టరమ్మా" అని కబురు చెప్పేది. ఇంట్లో అత్తగారికి మాత్రం ఈ గది సంగతి మింగుడు పడలేదు. ఇరుగుపొరుగు అడిగితే "మా కోడలు జ్వరాల సెక్షన్లో చేస్తోంది" అని సర్దేసేది.

పెద్ద డాక్టరు మంచివాడే. పరీక్షలు రాసేవాడు, మందులు తెప్పించేవాడు, పిల్లల్ని పల్లెత్తు మాట అనేవాడు కాదు. పదకొండేళ్లు ఇద్దరూ కలిసే ఆ గదిని నడిపారు. పేర్లు రాసుకునేవాళ్లు కాదు, ఒక్కొక్కరికీ ఒక అంకె, అంతే. కానీ రక్తపరీక్ష ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టేది. అది వినడానికి సగంమంది భయపడి వచ్చేవాళ్లు కాదు. అందుకని ఆమె ఒక పొడుగాటి నోటుబుక్కులో అంకె ఎదురుగా ఫోన్ నంబరు రాసుకునేది. ఫలితం చెప్పేశాక ఒక గీత కొట్టేసేది.

కెమిస్ట్రీ రెండో ఏడాది చదివే పిల్ల ఒకతె వచ్చింది. వేళ్ల నిండా ల్యాబు మరకలు.

"నంబరు రాయకండి సిస్టర్. నేనే వచ్చి కనుక్కుంటా."

"రాకపోతే?"

"వస్తాను."

"ఇలా అన్నవాళ్లని చాలామందిని చూశాను తల్లీ. ఈ పుస్తకం నా బీరువా దాటదు. నా మాట నమ్ము."

చివరికి ఆ పిల్ల నంబరు చెప్పింది. ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. ఆ పిల్లా, తన స్నేహితుడూ ఇద్దరూ వారం రోజులు మందులు వాడారు, తగ్గింది. మూడు నెలల తర్వాత మరొక్కసారి పరీక్ష చేయించుకోవాలి, అంతే.

ఆ మూడు నెలల లోపే కొత్త రిజిస్ట్రార్ వచ్చాడు. హెల్త్ సెంటర్లో పిల్లల్ని చెడగొడుతున్నారని అతనికి ఊరూ పేరూ లేని ఉత్తరం ఒకటి అందింది. ఆ గదికి ఎవరెవరు వస్తున్నారో జాబితా కావాలన్నాడు.

"పేర్లు రాయం సార్" అందామె.

"మరేం రాస్తారు?"

ఆమె చెయ్యి నడుముకున్న బీరువా తాళంచెవి మీదికి పోయింది. అదే అతనికి జవాబైపోయింది.

అత్తగారి కంటి ఆపరేషన్ కోసం రెండ్రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చి బీరువా తెరిస్తే, నోటుబుక్కు ఉండే పై అర ఖాళీ. సరాసరి పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లింది.

"తాళం ఎలా తీశారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండో తాళంచెవి నా దగ్గర ఉంది కదా."

"అది మీ చేతికిచ్చింది నేను. నాకేమన్నా అయితే పిల్లలకి మందులు ఆగకూడదని."

"ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నానమ్మా. నన్ను ఇరికించకు." ఇన్నేళ్లూ సిస్టర్ అని తప్ప పిలవని మనిషి ఆ రోజు అమ్మా అన్నాడు.

నోటుబుక్కులో కొట్టేసిన గీత కింద నంబర్లు చక్కగా కనపడుతూనే ఉన్నాయి. రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లు వాటిని అడ్మిషన్ కాగితాలతో సరిపోల్చి ఇరవై ఏడు ఇళ్లకి ఫోన్లు చేశారు. టీకాకి ముందో, నెలసరి నొప్పికో రక్తపరీక్ష చేయించుకున్న పిల్లల ఇళ్లకి కూడా ఒకటే మాట చెప్పారు: మీవాళ్లు ఆ గదికి వెళ్తున్నారు. వారం తిరక్కుండానే తొమ్మిదిమందిని ఇళ్లవాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఒకబ్బాయి కారిడార్లో అందరూ చూస్తుండగా ఆమె దారికి అడ్డం నిలబడి, "మెల్లగా మెల్లగా అంటూ అందరి గొంతూ కోశావు కదా" అన్నాడు. తాళంచెవి సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. పుస్తకమే లేకపోతే తాళంచెవితో ఎవరికేం దొరికేది అనిపించి పక్కకి తప్పుకుంది.

ఫిర్యాదు మాత్రం రాసింది. కమిటీ వేశారు. కమిటీ ఆమెని ఒకటే అడిగింది: "ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే."

అనుమతి లేకుండా విద్యార్థుల వివరాలు రాసి పెట్టుకున్నందుకు ఆమెదే తప్పని తేల్చారు. గదికి తాళం వేసి, ఆమెని ముందు కౌంటర్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల దగ్గర కూర్చోబెట్టారు. పెద్ద డాక్టరు అటు వెళ్లేటప్పుడు ఫోన్ చూసుకుంటూ నడిచేవాడు.

నెల తర్వాత, కెమిస్ట్రీ పిల్ల కౌంటర్ దగ్గరికొచ్చింది. చదువు మానేసేవాళ్లు లైబ్రరీ, హాస్టల్, హెల్త్ సెంటర్, మూడు చోట్లా సంతకాలు చేయించుకోవాలి. మిగిలింది ఈ సంతకమే. మెట్ల కింద తండ్రి ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

సిస్టర్ కాగితం అందుకుంది గానీ పెన్ను కదల్లేదు. "నన్ను క్షమించు తల్లీ. నేను ఇవ్వలేదు, నన్ను నమ్ము..."

"తెలుసు" అంది ఆ పిల్ల. "డాక్టరుగారే ఇచ్చారని హాస్టల్లో అనుకుంటున్నారు. కానీ నేను రాయొద్దన్నాను కదా సిస్టర్. మీరు వినలేదు."

సిస్టర్ కాగితం మీదికి వంగింది. సంతకం పెట్టింది, ముద్ర వేసింది. కాగితం తిరిగిస్తూ గొంతు తగ్గించి, "ఇంకో పరీక్ష మిగిలింది. మర్చిపోకు" అంది.

"ఎక్కడ చేయించుకోను? ఇప్పుడు మందుల షాపుకి వెళ్లాలన్నా అమ్మ వెంటొస్తోంది."

పేర్లు అడగకుండా పరీక్ష చేసే ఆసుపత్రి ఒకటి ఆమెకి తెలుసు. గబగబా చీటీ మీద చిరునామా రాసి, నాలుగు మడతలు పెట్టి జరిపింది.

ఆ పిల్ల చీటీని ముట్టుకోలేదు. "రాసిందేదీ నాకొద్దు. నోటితో చెప్పండి."

సిస్టర్ రెండుసార్లు చెప్పింది, వీధి పేరు, ఎన్నో గది, ఏ రోజుల్లో తీసి ఉంటుందో. ఆ పిల్ల పాఠం అప్పజెప్పినట్టు ఒకసారి తిరిగి చెప్పి, కాగితాలు ఫైల్లో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ ఆసుపత్రిలో పనిచేసే నర్సు సిస్టర్‌కి తెలిసినావిడే. ఆ పిల్ల వచ్చిందో లేదో ఫోన్ చేసి కనుక్కుందామని ఎన్నోసార్లు అనుకుంది. కనుక్కోవాలంటే ఆ పిల్ల పేరు చెప్పాలి. ఫోన్ చెయ్యలేదు.