పసుపు చీటీ

శిక్షణ కేంద్రంలో ఆయన్ని అందరూ మళ్ళీ సారు అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి, చాటుగా. స్ట్రెచర్ మోసేటప్పుడు ఒకడి అడుగు తడబడితే ‘మళ్ళీ’. కట్టు వదులైతే ‘మళ్ళీ’. గుడారం తాడు ముడి చూడగానే నచ్చకపోతే, విప్పించి ‘మళ్ళీ’. వరదలకీ భూకంపాలకీ పరిగెత్తే సహాయకులను తయారుచేసే ఆ కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా ఆయనదే పెద్ద పీట. అంతకుముందు పదేళ్లు అదే సంస్థ గోదాములో దుప్పట్ల మూటలెత్తాడు. మూటలెత్తే మనిషి పాఠాలు చెప్పే మనిషి ఊరికే కాలేదు. ఒక వరదలో సామాను దించడానికి వెళ్లి, డాక్టరు వచ్చేలోపు పదకొండుమంది క్షతగాత్రుల్లో ఎవరు ముందు వెళ్లాలో, ఎవరు ఆగగలరో తనే తేల్చాడు. పదకొండుమందీ బతికారు. అప్పటినుంచి అక్కడ ఆయన మాటకి తిరుగులేదు. తన మాటమీద ఆయనకి కూడా నమ్మకం కాస్త ఎక్కువే.

ఆయన నేర్పే విద్యలో కీలకమంతా చీటీల్లో ఉంది. ప్రమాదం జరిగినచోట వందమంది పడి ఉంటే ఒక్కొక్కరి దగ్గర అరనిమిషం మించి ఆగకూడదు. ఊపిరి చూడాలి, నాడి చూడాలి, చెప్పిన మాట అర్థమవుతోందో లేదో చూడాలి, మణికట్టుకి చీటీ కట్టి ముందుకు సాగాలి. ఎరుపైతే వెంటనే ఆస్పత్రికి. పసుపైతే కాసేపు ఆగగలడు. ఆకుపచ్చైతే తనంతట తను నడవగలడు. ఇది అలవాటు చేయడానికి మూడు నెలలకోసారి పాత గోదాములో ఉత్తుత్తి ప్రమాదం ఒకటి పెట్టేవారు. కూలిన బెంచీలు, ఇటుకల గుట్టలు, కళ్లు మండే పొగ. దెబ్బలు తగిలినట్టు నటించడానికి చుట్టుపక్కల ఇళ్లలోంచి పాతిక ముప్ఫైమంది సరదాగా వచ్చేవాళ్లు. ఒక్కొక్కరి మెడలో ఒక అట్టముక్క. ఎక్కడ దెబ్బ తగిలిందో, ఏమని అరవాలో దానిమీద సారే స్వయంగా రాసేవాడు.

ఇందులో ఒక చిక్కుంది. అందరూ ‘చచ్చిపోతున్నాను బాబోయ్’ అని అరిచేచోట నిజంగా ఎవరికైనా ఏదైనా అయితే తెలిసేదెలా? దానికీ సారే ఒక పద్ధతి పెట్టాడు. నటించేవాళ్లకి తలా ఒక తెల్ల రుమాలు, జేబులో పెట్టుకోవడానికి. నిజంగా బాగాలేకపోతే రుమాలు తీసి పైకెత్తాలి. రుమాలు కనబడగానే ఈల, ఈలతో డ్రిల్ బంద్. మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఈ సంగతి చెప్పి, అందరిచేతా ఒకసారి ఎత్తించి మరీ చూసేవాడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా అది మానలేదు.

ఆ రోజు మానాడు. తనిఖీకి రావలసిన ముగ్గురు పెద్దలు అరగంట ముందే వచ్చి కూర్చున్నారు. డైరెక్టరు మేడమ్ రెండుసార్లు వాచీ చూసుకుంది. వచ్చినవాళ్లలో సగంమంది పాతవాళ్లే కదా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాడు సారు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడుతుందంటారే, అది పడేది సరిగ్గా ఇలాంటి క్షణంలోనే. రుమాళ్ల పెట్టె ఆఫీసు బల్ల కిందే ఉండిపోయింది.

ఆ పాతవాళ్లలో ఆయన బావ ఒకడు. అక్క మొగుడు, ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవర్నో ఒకర్ని నవ్వించకపోతే ఆయనకి తిన్నది అరగదు. ముద్ద గొంతుకి అడ్డం పడ్డట్టు గుడ్లు తేలేసి, ఇంటిల్లిపాదీ నీళ్లకోసం పరిగెత్తాక పకపకా నవ్వే రకం. నాన్నా పులి కథలో పిల్లాడు మీకు చుట్టమా అని అక్క వేళాకోళం చేసేది. సారుకి చిన్నప్పుడే తల్లీతండ్రీ పోతే, ఇంట్లో పెట్టుకుని పెంచింది అక్క, చదివించింది ఈ బావ. “మా బావమరిది పరువు నిలబెట్టాలి కదా” అంటూ ప్రతి డ్రిల్‌కీ అందరికంటే ముందు వచ్చేవాడు.

ఆ రోజు బావ అట్టముక్క మీద ‘కుడికాలు విరిగింది, గోడ కింద ఇరుక్కున్నాడు, గట్టిగా అరవాలి, వచ్చినవాళ్లని వదలకూడదు’ అని ఉంది. మొదటి పావుగంట బావ చెలరేగిపోయాడు. ఆ అరుపులకి తనిఖీ పెద్దల్లో ఒకాయన జేబురుమాలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు. తర్వాత అరుపులు తగ్గాయి. అప్పుడే ఆయన దగ్గరికి చీటీలు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. మందుల షాపులో ఐదేళ్లు పనిచేసి, సహాయక బృందంలో చేరాలని ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చిన పిల్ల. ఆ బ్యాచ్‌లో సారు నోట ‘మళ్ళీ’ తక్కువగా విన్నది ఆమే.

“సార్, ఒకసారి ఇటు రండి. ఈయన అట్టమీద కాలు అని ఉంది. ఈయనేమో చెయ్యి, చెయ్యి అంటున్నారు. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది” అంది.

సారు ఆరడుగుల దూరంలోనే ఆగి ఒక చూపు చూశాడు. బావ కుడిచెయ్యి ఇటుకలమీద వాలిపోయి ఉంది. ఎడమచేత్తో చొక్కా జేబు తడుముకుంటున్నాడు. వెనక పెద్దలు ముగ్గురూ వింటున్నారు.

“ఆయన మా బావేలే అమ్మాయ్. సొంత కవిత్వం ఎక్కువ. అట్టమీద ఏముందో అది చూడు. పసుపు కట్టి ముందుకి నడు.”

“మీరు ఒక్కసారి దగ్గరికొచ్చి చూస్తే...”

“అరనిమిషం దాటింది. నడు.” తర్వాత బావకేసి తిరిగి, గొంతు తగ్గించి, “బావా, మరీ అతి చెయ్యకు, పెద్దవాళ్లున్నారు” అని సాగిపోయాడు.

అమ్మాయి పసుపు చీటీ కట్టి నడిచింది. నలభై నిమిషాలకి డ్రిల్ ముగిసింది. కాళ్లు విరిగినవాళ్లూ తలలు పగిలినవాళ్లూ బట్టలు దులుపుకుని లేచారు. బావ లేవలేదు. ఎడమచెయ్యి ఇంకా ఖాళీ జేబులోనే ఉంది.

పక్షవాతం. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది ఒకటే, ఎప్పుడు మొదలైందని. సారు నిమిషాలతో సహా సరిగ్గా చెప్పాడు. ఆ సమయాన్నిబట్టే మందు నిర్ణయిస్తారని ఆయనకి తెలుసు. ఆ రోజు ఆయన నోటివెంట వచ్చిన నిజం అదొక్కటే. ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ మాటా దక్కలేదు.

అక్క పరిగెత్తుకుంటూ వచ్చి తమ్ముడి రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వు పక్కనున్నావు కనక సరిపోయిందిరా. అదే ఇంట్లో పడిపోతే నాకేం తెలిసేది? నీ చదువు ఈ రోజు ఆయన్ని బతికించింది” అని ఆ చేతులు కళ్లకద్దుకుంది. సారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. డాక్టర్లు బయటికి వచ్చాక చెబుదామనుకున్నాడు, ఆనక ఇంటికి తీసుకెళ్లాక చెబుదామనుకున్నాడు. అలా వాయిదాలు వేస్తూపోయాడు.

కేంద్రంలో నివేదిక రాశారు. ‘శిక్షణలో ఉన్న అభ్యర్థిని లక్షణాలు ఉన్నప్పటికీ పసుపు చీటీ కట్టినది’ అన్న వాక్యం డైరెక్టరు మేడమ్‌ది. కింద సంతకం సారుది. వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క లేదు, చీటీ కట్టింది ఆ పిల్లే కదా. దొంగతనంలో ఇంత శుభ్రమైన దొంగతనం మరోటి ఉండదు. ఆమెను బృందంలోకి తీసుకోవాలా, ఇంటికి పంపాలా అన్నది మూడు వారాల తర్వాత శుక్రవారం మీటింగులో తేలుస్తామన్నారు. అమ్మాయి ఎవరితోనూ ఏమీ అనలేదు. క్లాసులో చివరి బెంచీకి మారి రాసుకుంటూ కూర్చునేది. ఆ వైపు చూడాల్సి వస్తుందని సారు కిటికీ వైపు తిరిగి పాఠం చెప్పేవాడు.

సాయంత్రాలు అక్క ఇంటికి వెళ్లేవాడు. బావ కుడి అరచేతిలో రబ్బరు బంతి పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచేవాడు. “పట్టు బావా. గట్టిగా. మళ్ళీ.” బంతి దొర్లిపోయేది. ఆ ‘మళ్ళీ’ అన్నప్పుడల్లా తన గొంతు తనకే కంపరంగా ఉండేది. బావ ఏదో అనబోయి “బా... బా...” దగ్గరే ఆగిపోయేవాడు. ఏం చెప్పబోతున్నాడు? గుర్తుందా? సారు వంగి, దొర్లిన బంతి ఏరుకునేవాడు. అక్కేమో, “నువ్వొస్తేనే ఆయన మొహంలో కళ వస్తుందిరా” అనేది. వచ్చినవాళ్లందరికీ తమ్ముడు కాపాడిన కథ చెప్పేది. ఆ కథ పక్కింటివాళ్ల దాకా, వీధి చివర కిరాణా కొట్టు దాకా పాకింది.

సాకులు లేకపోలేదు. పొగ ఉంది, పెద్దలున్నారు, బావ అలవాటు అలాంటిది. ఒక్కో సాకునూ తీసి చూసుకుని ఒక్కోదాన్నీ తనే కొట్టిపారేశాడు. ఆరడుగులు నడవడానికి ఏ సాకూ అడ్డం రాలేదు. వంగి ఆ చెయ్యి ఒక్కసారి ఎత్తి వదిలితే తెలిసిపోయేది. క్లాసులో మొదటి వారం నేర్పే పాఠమే అది.

శుక్రవారం మీటింగు గదిలో పొడుగు బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. అమ్మాయి చివర నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నువ్వేమైనా చెప్పుకునేది ఉందా?” అంది డైరెక్టరు మేడమ్.

“లేదండీ. కట్టింది నేనే.”

సారు లేచాడు. లేచేటప్పుడు కుర్చీ వెనక్కి పడింది, ఎవరూ ఎత్తలేదు. “కట్టమంది నేను. చెయ్యి బాగాలేదని, మాట తేడాగా ఉందని ఈ అమ్మాయి నాకు చెప్పింది. వచ్చి చూడమంది. నేను చూడకుండా నడవమన్నాను. రుమాళ్లు కూడా ఆ రోజు పంచలేదు. ఆయన జేబులో వెతుక్కున్నది దానికోసమే.”

“మరి ఈ నివేదికమీద సంతకం మీదే కదా?”

“నాదే. చదివే పెట్టాను.”

తర్వాత పెద్దలు తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. అమ్మాయి బృందంలో ఉంటుంది. సారు ఈ రోజునుంచి క్లాసులు తీసుకోడు, విచారణ ముగిసేదాకా గోదాములో సామాను చూసుకుంటాడు. ఎక్కడ మొదలుపెట్టాడో అక్కడికే వచ్చాడన్నమాట. ఆయనకి అది శిక్షలాగా కూడా అనిపించలేదు.

వరండాలో అమ్మాయి ఎదురుపడితే ఏదో అనబోయాడు. ఆమే ముందు మాట్లాడింది. “నాకు తెలుసు సార్. ఐదేళ్లు కౌంటరు వెనక నిలబడి జబ్బు మొహాలే చూశాను. ఆయన నటించట్లేదని నాకు అక్కడే తెలుసు. తెలిసి కూడా, మీరు నడు అన్నారని నడిచాను. మీరు ఇప్పుడు చెప్పారు, మంచిదే. నాది మాత్రం నాకలాగే ఉంది.” గొంతులో కోపం లేదు. దండం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయింది.

తన తప్పు ఒప్పుకుంటే ఆ పిల్ల బరువు దిగుతుందనుకున్నాడు పాపం. దిగలేదు సరికదా, తను ఆమెకి ఏం చేశాడో అప్పుడే పూర్తిగా అర్థమైంది.

అక్కడినుంచి తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. అక్క వంటింట్లో బావకోసం అన్నం మెత్తగా మెదుపుతోంది. గుమ్మంలో నిలబడే మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. అక్క చెయ్యి ఆగింది. చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, పీటమీద కూర్చుంది. తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

“ఆ పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, వేళ్లు తిమ్మిరెక్కాయే అన్నారు” అంది నేలకేసి చూస్తూ. “మొదలెట్టారా మీ నాటకాలు అన్నాను. బొత్తాలు నేనే పెట్టి పంపించాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదురా. నువ్వు కాపాడావని పదిమందికీ చెప్పుకుంటూ ఉంటే, నేనన్న మాట నాకు వినబడకుండా ఉంటుందని.”

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, సారుకి ఒళ్లు తేలికైంది. తనొక్కడే కాదన్నమాట. పెంచిన మనిషి ఎదురుగా కుమిలిపోతుంటే తను ఊపిరి పీల్చుకున్నాడు. అది తెలిసొచ్చి జన్మలో పడనంత సిగ్గుపడ్డాడు.

“లేదక్కా” అన్నాడు. “నీకు తెలియదు. తిమ్మిరంటే తిమ్మిరే అనుకున్నావు. అదేమిటో తెలిసినవాణ్ణి నేను. ఇరవై రెండేళ్లుగా ఊరందరికీ నేర్పుతున్నవాణ్ణి. నీదీ నాదీ ఒక గాటన కట్టకు.”

అక్క పీటమీంచి లేచి అన్నం గిన్నెమీద మూత పెట్టింది. ఆనక, “ఆయనకి చెప్పావా?” అంది.

“లేదు.”

“మాట పోయింది గానీ ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి. వెళ్లి చెప్పు.”

ముందు గదిలో బావ మంచంమీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. సారు మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. “బావా, ఆ రోజు ఆ అమ్మాయి నన్ను పిలిచింది” అని మొదలుపెట్టాడు. బావ కళ్లు ఆయనమీదే ఉన్నాయి. రుమాళ్ల సంగతి చెప్పాడు. పెద్దలముందు పరువు సంగతి చెప్పాడు. ‘అతి చెయ్యకు’ అన్నమాట దగ్గరికి వచ్చేసరికి, జీవితంలో ఎవరిమీదా అలగని ఆ మనిషి, మంచిగా ఉన్న చేత్తో మంచం పట్టె పట్టుకుని కష్టపడి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సారు లేవలేదు. మిగిలినదంతా ఆ వీపుకే చెప్పాడు.