ఎర్ర సీసాలో తెల్ల మబ్బు

మేడ్చల్‌లో మందుల కంపెనీలో చేరిన కొత్తలో పిల్లల దగ్గు సిరప్ తయారుచేసే పని నాకు అప్పగించారు. చక్కెర తక్కువ, పుదీనా నూనె ఘాటు. నూనె నీళ్ళలో కలవక సిరప్ మసకగా ఉండేది. మా ఓనరుకు అది నచ్చలేదు. "తేటగా మెరవాలమ్మా, తల్లులు చూసి కొనాలి" అని ఒకటే పోరు. ఆ పోరు పడలేక, నూనెను కరిగించే సబ్బులాంటి ద్రవం కాస్త పోశాను. అబ్బ! కిటికీ దగ్గర పెడితే దానిమ్మ రసంలా ఎర్రగా వెలిగింది. ఎంతసేపు అలా చూస్తూ ఉండిపోయానో నాకే తెలియదు.

మా దగ్గర మొదటి బ్యాచ్ సీసాలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పనివాళ్ళకు తలా ఒకటి పంచేవారు. బజారుకు పంపే సరుకైతే పరీక్షలయ్యేదాకా కదలదు. దేవుడి దగ్గర పెట్టినదానికి పరీక్షేమిటి? ఈ సిరప్‌నూ అలాగే పంచేశారు.

కొన్ని వారాలకు, నా వాటాకు వచ్చిన, నేను రోజూ మూత తీసి వాసన చూసే సీసాలో తెల్లటి దూదిపింజలాంటిది తేలింది. బూజు! బూజు పట్టకుండా వేసిన ప్రిజర్వేటివ్ ఏమైనట్టు? ఆ సబ్బు ద్రవమే నూనెతోపాటు దాన్నీ తనలోకి లాగేసుకుంది. సీసాలోనే ఉంది, కాపలాకు మాత్రం లేదు.

పంచిన సీసాలన్నీ వెనక్కి తెప్పించాను, ఒక్కటి తప్ప. దేవరయాంజాల్ నుంచి ప్యాకింగ్ పనికి వచ్చే ఆమె ఆ రోజు రాలేదు. ఆమె కూతురికి ఎప్పుడూ దగ్గే. వెంటనే ఆటో ఎక్కాను. దారి పొడవునా ద్రాక్షతోటలు, ఎండ, దుమ్ము. ఏదీ నిజంగా ఉన్నట్టు అనిపించలేదు. ఆ పిల్ల తాగి ఉంటే?

"అయ్యో మేడం, గింత దూరమొచ్చిండ్రా!" అంటూ ఆమె ఎదురొచ్చింది.

"పాపకు సిరప్ పట్టావా?"

"యాడ మేడం! ఒక్క సుక్క తాగుతలేదు. తాగితే అయిపోతదంట. మూత తీసి వాసన జూస్తది, మళ్ళ పెడతది. మస్తు పరేషాన్ జేస్తాంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అరుగు మీద పిల్ల సీసాను కంటికి ఆనించుకుని ఎండలోకి చూస్తోంది. అడిగితే ఇవ్వదే! ఎంతో బతిమాలాక, "గిట్ల పెట్టి నువ్వు గూడ సూడు" అని నా చేతికిచ్చింది. చూశాను. ఎర్రటి వాకిలి, ఎర్రటి కోళ్ళు, వాటి మీదుగా మెల్లగా కదులుతున్న తెల్లటి బూజు.

"గది మబ్బు," అంది. "నిన్ననే వచ్చింది."

పిల్లను దగ్గరికి లాక్కుని భోరున ఏడ్చేశాను. అది కంగారుపడి, సీసాను నా చేతిలోకి ఇంకా గట్టిగా నెట్టింది.

"ఏడ్వకు మేడం. మబ్బు నువ్వే తీస్కపో."