గడీ దర్వాజ మీద నేను రాసిన మాట

అది నిజాం కాలం, 1940లు. శంషాబాద్ దగ్గర మా ఊళ్లో దొర ఉండే గడీ ముందు మేమంతా చెప్పులు చేతపట్టుకుని నడవాలి. ఒకరోజు జ్వరంతో ఉన్న మా బాపు మరిచిపోయి చెప్పులతోనే నడిచాడు. దొర ఆ చెప్పులతోనే ఆయన్ను కొట్టించాడు.

నేనప్పుడు పట్నంలో మెట్రిక్ చదువుతున్నాను. సెలవులకు రాగానే దొర పిలిపించాడు.

"తెల్ల సాబ్ షికారుకొస్తున్నడు. దర్వాజ మీద నా పేరు ముంగట 'పేరుమోసిన దొర' అని ఇంగ్లీషుల రాయిరా!"

మంచికి పేరుమోస్తే ఫేమస్ అనీ, చెడ్డకు పేరుమోస్తే నొటోరియస్ అనీ మా సారు చెప్పి ఉన్నారు. నేను పెద్ద అక్షరాలతో నొటోరియస్ అని రాశాను.

వచ్చిన ఇంగ్లీషు ఆఫీసరు అది చదివి టక్కున ఆగిపోయాడు.

"కైసా హై, సాబ్?" అన్నాడు దొర మురిసిపోతూ.

ఆఫీసరు చుట్టూ చూశాడు. చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డ బాపును చూశాడు.

"బిల్కుల్ సహీ హై!" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి దసరాకూ దొర నాచేతే ఆ అక్షరాలకు కొత్త రంగు వేయించాడు. వెట్టిచాకిరీలో నేను సంతోషంగా చేసిన పని అదొక్కటే.