మీటింగ్ అనుకుని కూర్చున్న ఇల్లు

తాగి చేసిన తప్పులు అందరూ చెబుతారు. నేను చెప్పబోయేది చుక్క ముట్టకుండా, పూర్తి తెలివితో చేసిన తప్పు. దాంతో వికారాబాదులో ఒక ఇల్లు ఇల్లంతా నన్ను కొట్టడానికి లేచింది. నిదానంగా చెబుతాను. నవ్వుకోండి, కానీ మా ఆవిడ ముందు మాత్రం వద్దు.

అప్పట్లో తాండూరులో నాకు సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఉండేది. పొద్దున టైర్లకు గాలి కొట్టేవాణ్ని, సాయంత్రం కల్లు దుకాణంలో కూర్చుని లోకానికి నీతులు చెప్పేవాణ్ని. చూసి చూసి మా అంజమ్మ బిడ్డను చంకనేసుకుని కోట్‌పల్లిలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెనకాలే వెళితే మా మామ నన్ను గడపలోనే ఆపాడు.

"వికారాబాదుల తాగుడు ఇడిశినోళ్లు ఐతారం ఐతారం మీటింగ్ పెట్టుకుంటరంట. ఆడికి పోయి నువ్వు గూడ ఇడువు. తాగలేదని చెప్పెటోణ్ని ఒకణ్ని ఎంటబెట్టుకొని రా. అప్పుడు పంపిస్త నా బిడ్డను."

"ఎవలు దొరకకుంటె?"

"నీ సైకిళ్లతోని సంసారం చేస్కో."

ఆదివారం పొద్దున వికారాబాదులో రైలు దిగి, చాయ్ హోటలాయన్ని అడిగాను. "స్టేషన్ ఎనక గల్లీల బండల అరుగు ఇల్లు. బయట మస్తు చెప్పులుంటయి, పో" అన్నాడు. మా వైపు బండల అరుగు లేని ఇల్లు ఎక్కడుందో మీరే చెప్పండి! సరే, చెప్పులు ఎక్కువున్న ఇల్లు చూసి లోపలికి దూరాను.

చాపల మీద మగవాళ్లంతా తలలు వంచుకుని కూర్చున్నారు. మాటా పలుకూ లేదు. రమ్మన్నవాడు లేడు, ఎవరని అడిగినవాడు లేడు. చావింటికి వచ్చినవాణ్ని 'రా' అని పిలవరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఆ రోజు నా బుర్రలో మీటింగ్ తప్ప ఇంకేమీ లేదు. 'అయ్యో, తాగుడు మానితే మొహాలు ఇట్లా అయిపోతాయా!' అనుకుని నేనూ తల వంచుకుని కూర్చున్నాను.

ఎవరి గోడు వాళ్లు చెప్పుకోవడమే ఆ మీటింగు పద్ధతని విన్నాను. ఎంతకీ ఎవరూ మొదలుపెట్టరే! ఇక నేనే లేచాను.

"అన్నలారా, నేను పాపిష్టోణ్ని! పెండ్లాన్ని ఏడిపించిన. బిడ్డ జరంతోని పండుకుంటె కల్లు దుకాణంల కూసున్న!" అంటూ ఘొల్లుమన్నాను. నిజంగానే ఏడుపొచ్చిందండీ.

పక్కనున్న తలపాగా ఆయన నా వీపు నిమిరాడు. "ఊకో తమ్మి, ఊకో. అందరం ఒకనాడు పోయెటోళ్లమే."

తాగితే తొందరగా పోతామని హెచ్చరిస్తున్నాడు కాబోలనుకున్నాను. అంతలో ఇద్దరు మనుషులు కల్లు కుండలు మోసుకొచ్చారు! తలపాగా ఆయన నేల మీద కాస్త కల్లు సాక పోసి, ఒక దొప్ప నింపి నా చేతికిచ్చాడు. అప్పుడు వెలిగింది నాకు. పరీక్ష పెడుతున్నారు! ఎంత తెలివైన మీటింగండీ!

"నేను ముట్ట!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"గట్లనొద్దు తమ్మి. జర నోట్ల పోస్కో."

"పానం పోయినా ముట్ట!" అని దొప్పను ఒక్క తోపు తోశాను. కల్లంతా ఆయన ధోతి మీద పడింది.

ఇల్లంతా లేచింది. "ఎవడ్రా వీడు? పోయినామె మీద నీకేం పగరా?"

"పోయినామె ఎవలు?" అన్నాను.

అప్పుడు కనబడింది మూలన దీపం, దాని పక్కన ముసలమ్మ చేతికర్ర. పిట్టకు పెట్టి, అంటే కాకికి పిండం పెట్టి వచ్చాక చుట్టాలు ఆ ఇంటివాళ్లకు కల్లు పోసే రోజది. ఆ కల్లు కాదన్నామంటే పోయినవాళ్లతో కక్ష ఉన్నట్టే లెక్క.

ఒక్క గుక్క తాగితే ఒళ్లు దక్కుతుంది, అంజమ్మ మాత్రం దక్కదు. చేతులు జోడించి ఉన్నదంతా చెప్పేశాను. అంతా విని, ముసలమ్మ కొడుకు ఏడుస్తూనే నవ్వాడు. "మా అవ్వ ఉంటె పడి పడి నవ్వుతుండె. పొండ్రి, ఎవలన్న వీనికి ఆ మీటింగ్ చూపియ్యుండ్రి."

తలపాగా ఆయనే తీసుకెళ్లాడు. అసలు మీటింగు పక్కింటి అవతలే! మేం వెళ్లేసరికి ఒక ముసలాయన చాపలు చుడుతున్నాడు. "అయిపోయింది బిడ్డా, అందరు పోయిండ్రు. మళ్ల ఐతారం రా."

అరుగు మీద కూలబడ్డాను. తలపాగా ఆయనకు జాలేసినట్టుంది. "ఫికర్ చెయ్యకు తమ్మి. మా బండి కోట్‌పల్లి మీదికెంచే పోతది. నువ్వు తాగలేదని మేమందరం చెప్తం."

పొద్దు గూకేవేళకు మా మామ ఇంటి ముందు బండి ఆగింది. బండి నిండా సాక్షులే, కానీ నిటారుగా కూర్చున్నవాడు ఒక్కడు లేడు! చావింటి నుంచి వచ్చి వేరే ఇంటి గడప తొక్కకూడదు కనుక, బండిలోంచే కేకలు పెట్టారు.

"ఓ పెద్దమనిషీ! నీ అల్లుడు సుక్క ముట్టలే! ఒట్టు!"

"బంగారమసొంటి కల్లు నేలపాలు చేసిండు!" అని ఒకాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

మా మామ ముక్కు మూసుకుని, "మీటింగంటె ఇదేనారా?" అన్నాడు.

నేను చావింటి సంగతంతా చెప్పేశాను. అంజమ్మ బిందెతో బయటికొచ్చి, చావింటి మైల పోవాలని నీళ్లన్నీ నా నెత్తిన గుమ్మరించింది. తర్వాత దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది. నమ్మకం కుదరక మళ్లీ చూసింది.

"తాగలే నాయనా" అంది. "తాగనోళ్ల నడుమ తాగకుంట కూసునుడు ఏం గొప్ప? ఇంతమంది తాగెటోళ్ల నడుమ కూసోని ఉత్త నోటితోని వచ్చిండు. నేను పోత."

మరుసటి ఐతారం నుంచి అసలు మీటింగుకే వెళ్లాను. మానేసిన కల్లు మళ్లీ ముట్టలేదు. దాంతోపాటు, బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి ఇంకో ఘోరమైన ఒట్టు కూడా వేశాను. ఎవరింట్లోనైనా సరే, "ఇక్కడ ఎవరు పోయారండీ?" అని అడగనిదే చాప మీద కూర్చోను. ఇన్నేళ్లయినా ఆ ఒట్టు తప్పలేదు, పెళ్లిళ్లలో కూడా అడుగుతాను. అందుకే ఇప్పుడు శుభలేఖలన్నీ అంజమ్మ ఒక్కదాని పేరు మీదే వస్తున్నాయి.