చక్రం కింద నిమ్మకాయ

నిమ్మకాయ చితికినప్పుడు వచ్చే చప్పుడు చాలా చిన్నది. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే వినిపించనే వినిపించదు. ఆ రోజు మా డ్రైవ్‌వేలో అది నాకు వినిపించింది, అదీ వినపడకూడని సమయంలో. ఎందుకంటే మా క్యాంపర్‌ని, అంటే కారు వెనక లాక్కెళ్లే చక్రాల గదిని, ఇంకా ఎవరూ లాగలేదు, లాగవలసిన కారుకి దాన్ని ఇంకా తగిలించనే లేదు. పిల్లలిద్దరూ మాత్రం లోపలే ఉన్నారు.

ఏడేళ్ల కిందటి ఆ చప్పుడు ఇవాళ సాయంత్రం మళ్లీ గుర్తొచ్చింది. ఇర్వింగ్ నుంచి ఈమధ్యే మా మోరిస్‌విల్‌కి మారిన ఒక కుటుంబం వచ్చి మా క్యాంపర్‌ని కొనుక్కుని తీసుకెళ్లింది. ఆ ఇంటావిడ నన్ను అక్కా అని పిలుస్తూ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రెండు నిమ్మకాయలు తీసింది. వాళ్ల చిన్నపాప అప్పటికే లోపలికెక్కి పై పడక మీద గెంతడానికి సిద్ధమైంది. గరాజ్ దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ మా అబ్బాయి తల ఎత్తకుండానే "అడ్డుందా?" అని అరిచాడు. చక్రం పక్కనున్న మా పాప వంగి చూసి "ఉంది!" అంది. ఆవిడ నవ్వి, ఇదేం ఆటక్కా అని అడిగింది. చెప్పేంత తీరిక లేకపోయింది. ఇప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నారు, కిటికీలోంచి ఖాళీ డ్రైవ్‌వే కనిపిస్తోంది, అందుకని రాసుకుంటున్నాను.

నా ఈడువాళ్లు, నాలాగే ఉద్యోగాల వెంట ఈ అమెరికాకి వచ్చినవాళ్లు, ఆ రోజుల్ని గుర్తుపడతారనుకుంటాను. ఇల్లు కొనడమైపోయి, శనివారం ఇండియన్ స్టోర్, ఆదివారం గుడి, మధ్యలో ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు, ఇంతేనా అనిపించే కాలం ఒకటి వస్తుంది. మాకు అది వచ్చినప్పుడే మా ఆయన ఆఫీసులో ఒకతను మమ్మల్ని తన పడవలో చెరువు మీదికి తీసుకెళ్లాడు. నేను లైఫ్ జాకెట్ పట్టీలు పట్టుకుని కూర్చుని ఏమీ చూడలేదు. మా ఆయన మాత్రం ఇంటికి వచ్చిన దగ్గర్నించీ పడవ పాటే. ఆయన పుట్టింది కృష్ణ కాలవ పక్కన. నడక కన్నా ముందు ఈత వచ్చిందని మా అత్తగారు అంటూ ఉంటారు, కొంచెం కలిపే అంటారనుకోండి. నేను అనంతపురం పిల్లని. మాకు నీళ్లంటే ట్యాంకరు, బిందెల వరస. నిలువెత్తు నీళ్లు నేను కాలేజీ విహారయాత్రకి వెళ్లినప్పుడు మొదటిసారి చూశాను. అంత నీటిని ఊరికే తిరగడానికి వాడుకోవచ్చన్న సంగతి నాకు ఈనాటికీ సరిగ్గా మింగుడుపడదు.

కొన్ని వారాలు ఇంట్లో ఇదే చర్చ, ఆయనకి పడవ కావాలి, నాకు క్యాంపర్ కావాలి. రాత్రిళ్లు నేను ఇంటర్నెట్‌లో పడవ ప్రమాదాలు చదవడం, పొద్దున్నే కాఫీతోపాటు వాటిని మా ఆయనకి వినిపించడం. అప్పటికి మాకు గ్రీన్‌కార్డు రాలేదు, ఉద్యోగం పోతే పడవని నెత్తిన పెట్టుకుని విమానం ఎక్కుతామా అని కూడా అడిగాను. ఆయన "క్యాంపర్ అయితే జేబులో పెట్టుకెళ్తావా?" అన్నారు. నేను వాదన మార్చాను. క్యాంపర్‌లో పొయ్యి ఉంటుంది. మోటెల్ గదిలో దొంగచాటుగా పోపు వేస్తే పొగ అలారం మోగి, దాని కింద తువ్వాలు ఊపుతూ నిలబడ్డ కుటుంబం మాది. మా అత్తగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు, బయటి తిండి ముట్టరు. క్యాంపర్‌లో అయితే మన వంట మనం వండుకోవచ్చు, మన స్నానాలగది మనకుంటుంది, అన్నిటికన్నా ముఖ్యం, కాళ్ల కింద నేల ఉంటుంది. నేల మనిషిని ముంచదు కదా అని నా ధైర్యం. పిల్లలు తండ్రి పక్షాన పడవకే ఓటు వేశారు. అత్తగారు నీళ్లంటే ఆ భయమేమిటమ్మా అని నవ్వారు గానీ, పొయ్యి సంగతి విన్నాక నా వైపుకి వచ్చేశారు.

అలా క్యాంపర్ వచ్చింది. వాడినదే, చిన్నది. రెండు పెద్ద చక్రాలు, కారుకి తగిలించే ముందు కొసన కింద ఇంకో బుల్లి చక్రం, లోపల ఒకదానిమీద ఒకటి పిల్లల పడకలు. వాకిట్లో ఎక్కువ రోజులు ఉంచితే మా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు గనక ఆ ఆదివారమే పూజ చేసి, ఊరి చివర అద్దెకి తీసుకున్న జాగాలో పెట్టేద్దామనుకున్నాం.

మా డ్రైవ్‌వే వీధివైపుకి వాలుగా ఉంటుంది. క్యాంపర్ మూతి వీధివైపు, చక్రాలు కదలకుండా వాటి ముందు పసుపుపచ్చ ప్లాస్టిక్ దిమ్మలు అడ్డం పెట్టి ఉన్నాయి. అత్తగారు పసుపూ కుంకుమా పెట్టి, దండ వేసి, నిమ్మకాయలు తీసుకుని వంగేసరికి, అవి పెట్టవలసిన చోట సరిగ్గా ఆ దిమ్మలే ఉన్నాయి.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ ముక్కలు తియ్యరా. నిమ్మకాయ ఎక్కడ పెట్టను, నీ నెత్తినా?"

"ఆగమ్మా, కార్‌కి హిచ్ చేశాక తీద్దాం."

"నువ్వు హిచ్చు చేసేలోగా రాహుకాలం వచ్చి కూచుంటుంది. తీసి అవతల పెట్టు!"

మా ఆయన తీశారు. అత్తగారు వాటికీ ఒక్కో బొట్టు పెట్టి గట్టుమీద ఉంచారు. బుల్లి చక్రానికి కూడా నిమ్మకాయ కావాలా అని కాసేపు తర్జనభర్జన జరిగింది. ఇంట్లో మూడోది లేదు, దాన్ని వదిలేశాం. ఆయన వీధిలో ఉన్న కారు తేవడానికి వెళ్లారు. అత్తగారు కొబ్బరికాయ కొట్టి హారతి వెలిగించారు. పిల్లలు లోపల, కొత్త పడకల మీద, గెంతుతున్నారు. నేను కొబ్బరిచిప్పలు ఏరుతున్నాను. అప్పుడే ఆ చప్పుడు.

తల ఎత్తేసరికి క్యాంపర్ నడుస్తోంది. నడవడమనే అనాలి, అంత నెమ్మదిగా. కిటికీలో మా పాప ముఖం పైకీ కిందకీ ఊగుతూ కదిలిపోతోంది. నేను చేతిలోవి పారేసి దాని ముందుకి పరిగెత్తి రెండు చేతులూ చాపాను. ఆవును ఆపినట్టు ఆపుదామనుకున్నాను కాబోలు. వెనకనించి నా చున్నీ మెడకి బిగుసుకుంది. ఒక చేత్తో హారతి పళ్లెం, ఇంకో చేత్తో చున్నీ పట్టుకుని అత్తగారు నన్ను గడ్డిలోకి గుంజేశారు. ఆవిడకి అంత బలముందని నాకు తెలియదు. క్యాంపర్ మా పక్కనించి వెళ్లిపోయింది.

మా ఆయన అప్పటికి కారుని డ్రైవ్‌వేలోకి వెనక్కి తెస్తున్నారు. వెనక కెమెరాలో క్యాంపర్ పెద్దదవుతుంటే, తన కారే మరీ వేగంగా వెనక్కి పోతోందనుకుని బ్రేకు ఇంకా గట్టిగా తొక్కారట. ఆ పొరపాటే మమ్మల్ని కాపాడింది. ఇనప కొస కారు వెనకతలుపులో దిగి ధన్‌మంది, అన్నీ ఆగిపోయాయి. కారుకి అవతల వీధి, వీధిలో వచ్చేపోయే కార్లు.

తలుపు తీస్తే పిల్లలిద్దరూ కింది పడక మీద ఒకళ్లమీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. "అమ్మా, ఇట్ మూవ్డ్! మళ్లీ చేద్దామా?" అంది పాప. అత్తగారు పళ్లెం కిందపెట్టి, అరుగుమీద కూర్చుని, అప్పుడు ఏడ్చారు. మా ఆయన దిమ్మలు తెచ్చి, బొట్లతో సహా, చక్రాలకి అడ్డం పెట్టారు.

ఆ తరవాత క్యాంపర్‌లో చాలా తిరిగాం. కొండల్లో పైకప్పు మీద వాన పడుతుంటే లోపల పప్పుచారు కాగడం, కుక్కర్ కూతకి పక్క టెంటువాళ్లు బయటికొచ్చి చూడడం, అత్తగారు వాళ్లకి గిన్నెతో పులిహోర ఇచ్చి పంపడం, ఇవన్నీ ఆ బండి ఇచ్చినవే. కారు సొట్ట అలాగే ఉంది.

ఇప్పుడు అబ్బాయి కాళ్లు ఆ పడక దాటి బయటికి వస్తాయి. వచ్చే నెల డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకుంటాడు. నేను ఏం చెప్పబోయినా "ఐ నో అమ్మా" అంటాడు. ఈ వేసవిలో స్నేహితులతో వాళ్ల పడవలో చెరువు మీదికి వెళ్తున్నాడు. వెళ్లాక ఫొటో పెడతాడు, వెళ్లేముందు అడగడు. పడవా క్యాంపరా అని అన్ని రాత్రులు వాదించి నేను ఇంట్లోకి రానివ్వని పడవ, నన్ను అడగకుండానే వాడి రోజుల్లోకి వచ్చేసింది. మామూలు సంగతే. ఇవాళ ఆ "అడ్డుందా?" విన్నప్పుడు మాత్రం, అది నన్ను అడిగిన ప్రశ్న కాదని తెలిసి కూడా, జవాబు నా నోటి దాకా వచ్చింది.

ఏడేళ్ల కిందట, క్యాంపర్ జారిన మర్నాడు పొద్దున, మా ఆయన దాన్ని అమ్మేద్దామన్నారు. నేను చెప్పదలచుకున్న కట్టుబాట్లు చాలా ఉన్నాయి, లోపల గెంతకూడదన్నది మొదటిది. కానీ అబ్బాయి పాలగిన్నెలో చెంచా తిప్పుతూ, తినకుండా, "మేం జంప్ చేస్తేనే అది మూవ్ అయిందా అమ్మా? ఇట్స్ మై ఫాల్ట్, కదా?" అన్నాడు. ఎనిమిదేళ్లవాడు, రాత్రంతా అదే మోసినట్టున్నాడు. ఇద్దర్నీ బయటికి తీసుకెళ్లి, వంగి, బొట్టుపెట్టిన ఆ దిమ్మల్ని చూపించాను.

"గెంతడం తప్పు కాదు నాన్నా. అడ్డు తీసింది మేము. ఇకమీదట గెంతేముందు 'అడ్డుందా?' అని గట్టిగా అడగండి. నేను ఇక్కడే, చక్రం దగ్గరే ఉంటాను. చూసి చెప్తాను. ఉందని చెప్పాక మీ ఇష్టం, ఎంత ఎత్తుకైనా గెంతండి" అన్నాను.